అద్దం మీద పొదుగు

నా ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో ఎవరికీ సరిగా అర్థం కాలేదు. ఫోన్లలో బటన్లు చేస్తానని చెప్పేదాన్ని. ఫోన్లకు బటన్లు పోయి ఎన్నాళ్లో అయింది కదా, ఇంకా ఏం చేస్తున్నవని మా అన్న అడిగేవాడు. అడిగి తనే నవ్వేవాడు. అతని ప్రశ్నలో తప్పేమీ లేదు. వేలికి తగిలే బటన్లు నిజంగానే పోయాయి. మిగిలింది నున్నటి అద్దం. ఆ అద్దం మీద బటన్ ఉందని కంటిని నమ్మించడమే నా పని. కింద కాస్త నీడ వేస్తే పైకి లేచినట్టు కనిపిస్తుంది. పై అంచున సన్నటి వెలుగు గీత గీస్తే గుండ్రంగా ఉన్నట్టుంటుంది. వేలు పెట్టగానే నీడ తగ్గించి, ఫోన్ చిన్నగా అదిరేలా చేస్తే, నిజంగా నొక్కినట్టే ఉంటుంది. ఏమీ లేనిచోట ఏదో ఉందనిపించేలా చేసినందుకు నాకు జీతం ఇస్తారు.

ఈ పనిలోనూ మోజులుంటాయి. నేను చేరిన కొత్తలో స్క్రీన్ మీద అన్నీ అసలు వస్తువుల్లాగే ఉండాలనేవాళ్లు. రాసుకునే చోట పసుపు కాగితం, దానికి చిరిగిన అంచు, పుస్తకాలకు చెక్క అర, గడియారానికి ఇత్తడి చట్రం. తర్వాత అదంతా పాత చింతకాయ పచ్చడి అయిపోయింది. చదును చెయ్యమన్నారు. నీడలు తీసేశాం, మెరుపులు తీసేశాం. ఇప్పుడు మళ్లీ కాస్త లోతు కావాలంటున్నారు. చేసింది చెరపడం, చెరిపింది చెయ్యడం. ఆఫీసు నగరానికి ఆ కొసన ఉంది, మేముండేది పాతబస్తీలో, గౌలిపురలో. వారంలో ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. మేడ మీద నా గది, కింద అన్నావదినలు. నాకు పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదన్నది వేరే సంగతి, ఇక్కడ అక్కర్లేదు.

మాది పాల ఇల్లు. నాన్న పోయినప్పుడు నేను బడికి వెళ్లే పిల్లని. బర్రెలూ నేనూ కలిసే అన్న నెత్తిన పడ్డాం. రెంటినీ బాగానే సాకాడు. ఇంటి వెనక కొట్టం, కొట్టం పక్కన గడ్డి గది, ఇవి మాకు ఇంట్లో భాగమే. గల్లీలో మేడలు లేచాక పేడ గురించి లొల్లి మొదలైంది. అన్న ఒక్కొక్క బర్రెనే అమ్ముతూ వచ్చాడు. చివరికి ఒకటి మిగిలింది. దాన్ని లాభం కోసం ఉంచలేదు. పొద్దున లేస్తే చేతులకు ఏదో ఒక పని ఉండాలి కాబట్టి ఉంచుకున్నాడు. రోజూ పాలు పోసే ఇళ్లకు సరిపడా బయటి నుంచి తెప్పించి బండి మీద వేసేవాడు.

పాలు పిండడం చూడని వాళ్లకు ఒక మాట చెప్పాలి. బర్రె దగ్గర కూర్చోగానే పాలు రావు. ముందు దుడ్డెను వదలాలి. అది నాలుగు గుక్కలు తాగాక లాగి తల్లి ముందు కట్టెయ్యాలి. తర్వాత పొదుగు కడిగి, బొటనవేలికి ఇంత నూనె రాసుకుని, పైనుంచి కిందికి మెల్లగా నిమరాలి. నిమిరి ఆగాలి. మళ్లీ నిమరాలి. అప్పుడు బర్రె చేపుతుంది, అంటే పాలను కిందికి వదులుతుంది. పొదుగు బిగుసుకుని వేడెక్కుతుంది. తొందరపడి గుంజితే ఎగచేపుతుంది, పాలు పైకి పట్టేసుకుంటుంది. ఇక ఎవరి తరమూ కాదు. మా అన్నకు ఎంత పని ఉన్నా అక్కడ మాత్రం తొందర ఉండేది కాదు. కళ్లు మూసుకుని, నుదురు బర్రె డొక్కకు ఆనించి, వేళ్లతో వినేవాడు. మొదటి ధార ఖాళీ బకెట్లో చుర్రుమనేది. బకెట్ నిండుతున్న కొద్దీ ఆ చప్పుడు మెత్తబడేది.

పోయిన వానాకాలంలో, పొద్దున బండి మీంచి క్యాన్ దించుతూ అన్న అలాగే కూలబడిపోయాడు. పక్షవాతం. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. తల ఊపడు, వేలితో చూపించడు, పిలిస్తే చూస్తాడో చూడడో తెలియదు. రోడ్డు మీద పోయేవాళ్లను చూసినట్టు మమ్మల్ని చూసేవాడు. అతన్ని చూసుకుంటూ బర్రెను సాకడం వదిన వల్ల కాలేదు. దాన్ని కూడా అమ్మేశాం. తోలుకుపోతున్నప్పుడు అన్న మంచం మీదే ఉన్నాడు, కిటికీ వైపు తిరగను కూడా లేదు. బాధ లేదేమోనని నేను ఊరట పడ్డాను. ఊరట పడాల్సిన విషయమా అది.

మాట నేర్పే ఆసుపత్రి అమ్మాయి మంచిదే. ఓపికగా ట్యాబ్ ముందు పెట్టి బొమ్మలు చూపించేది. గ్లాసు బొమ్మ నొక్కితే ట్యాబ్ నీళ్లు అంటుంది, కంచం బొమ్మ నొక్కితే అన్నం అంటుంది. మా అన్న ఒక్కటీ నొక్కలేదు. ఎడమ చేతి వేళ్లతో బొమ్మ మీద మందు పూసినట్టు రాసేవాడు. రాస్తే ఆ పేజీ కిందికి జరిగిపోయి ఇంకేదో వచ్చేది. దాని మీదా రాసేవాడు, అదీ పోయేది. కొన్నాళ్లకు ఆ అమ్మాయి నన్ను బయటికి పిలిచి, మాట ఒక్కటే కాదేమో, తెలివిడి కూడా దెబ్బతిన్నట్టుందని మెల్లగా చెప్పింది. ఆ మాట ఇంటికి వచ్చి వదినకు చెప్పాను. వదిన బియ్యం కడుగుతోంది. చెయ్యి ఆపలేదు.

"మీ అన్నకు అన్నీ ఎరుకే. నోరు వస్తలేదు, గంతే" అన్నది.

ఆమె గట్టిగా అన్నది కాబట్టి నేను నమ్మాను. నమ్మాలనుకున్నాను కాబట్టి కూడా నమ్మాను. ప్రపంచంలో అందరికీ బటన్లు చేసిపెట్టే దాన్ని, మా అన్నకు ఒక్కటి చెయ్యలేనా అని పౌరుషం వచ్చింది. నాకు అతని నుంచి ఏమీ వద్దు. అతను లోపల ఉన్నాడని తెలిస్తే చాలు. ఒక్క మాట, అతను అనుకుని అన్న మాట, ఒక్కటి చాలు.

అతని గొంతు నా దగ్గర ఉంది. అన్న ఎప్పుడూ టైప్ చేసేవాడు కాదు. నేను మేడ మీదే ఉన్నానని తెలిసీ కింద నుంచి వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. చెల్లె, చాయ్ అయింది, దిగు. చెల్లె, నీళ్లు వస్తలేవు, మోటర్ ఏసినవా. చెల్లె, మోకాలు నొప్పి లేస్తుంది, వచ్చేటప్పుడు మలాం తే. ఏ మెసేజైనా చెల్లె అనే మొదలయ్యేది. అవన్నీ విని, నాలుగు మాటలు కోసి తీశాను. నీళ్లు, చాయ్, నొప్పి, చెల్లె. చెల్లె ఒక్కోసారి ఒక్కోలా ఉంది, విసుగుతో ఒకటి, నిద్రమత్తుతో ఒకటి. కొట్టంలోంచి కేకేసినట్టు కాస్త సాగదీసి పిలిచింది ఒకటి దొరికింది. అదే పెట్టాను.

యాప్ చేసి, పెద్ద పెద్ద బటన్లు పెట్టి, ట్యాబ్‌ని అతని ఒళ్లో ఉంచాను. మళ్లీ అదే తంతు. నొక్కడు. పైనుంచి కిందికి రాస్తాడు, ఆగుతాడు, మళ్లీ రాస్తాడు. పేజీ కదలకుండా బిగించాను. అప్పుడూ నొక్కలేదు. రాయడం, ఆగడం. నాకు ఒళ్లు మండిపోయింది. నొక్కు అన్నా, నొక్కు, అని వేలు పట్టుకుని నొక్కించబోయాను. చెయ్యి విడిపించుకున్నాడు. బొటనవేలు నోట్లో పెట్టుకుని తడిచేసుకుని, మళ్లీ బటన్ మీద మెల్లగా కిందికి దించాడు. కళ్లు మూసుకున్నాడు. ఎడమ మోకాలు కొంచెం లోపలికి వచ్చింది, కాళ్ల మధ్య బకెట్ ఆనించుకునేవాడు చూడండి, అలాగ.

నాకు అప్పుడు అర్థమైంది. ఆసుపత్రి అమ్మాయికి తెలియకపోవడంలో వింత లేదు, ఆమె పాకెట్ పాలు తాగి పెరిగి ఉంటుంది. పాల ఇంట్లో పుట్టిన నాకెందుకు ఇన్నాళ్లు తట్టలేదో మరి. అన్న అర్థం లేకుండా రాయడం లేదు. ఆ బటన్ చేపడం కోసం చూస్తున్నాడు. లేచిన గుండ్రటి దాన్ని చూడగానే అతని చేతికి ఒకటే తెలుసు, ముందు నిమరాలి, ఆగాలి, తొందరపడితే రాదు.

ఇక నాకు తిండి మీద ధ్యాస లేదు. ఆఫీసు పని పక్కన పడేసి ఆ బటన్ చేస్తూ కూర్చున్నాను. ముందు ముట్టుకుంటే ఏమీ కాదు. పైనుంచి కిందికి నిమిరితే రంగు కొద్దిగా వేడెక్కుతుంది, నీడ పెరుగుతుంది, బటన్ మెల్లగా ఉబ్బుతుంది. ఆగి మళ్లీ నిమిరితే ఇంకొంచెం. బిగువు వచ్చాక వేళ్లు దగ్గరకు చేర్చి కిందికి లాగితే సాగుతుంది. ట్యాబ్ లోపల సన్నగా అదురుతుంది. బకెట్లో ధార పడ్డ చప్పుడు వస్తుంది, వెంటనే మాట వస్తుంది. ఆ చప్పుడు కోసం కిషన్‌బాగ్‌లో ఇంకా బర్రెలున్న చుట్టాల ఇంటికి వెళ్లి రికార్డు చేసుకొచ్చాను. ఇన్నేళ్లలో నేను చేసిన వాటిలో ఇంత నిజంగా ఉన్నది ఇంకోటి లేదు. నా వేలే మోసపోయింది.

ఆదివారం పొద్దున, చాయ్ తాగాక ట్యాబ్ అతని ఒళ్లో పెట్టాను. వదిన తలుపుకు ఆనుకుని నిలబడింది. అన్న నిమిరాడు. బటన్ ఉబ్బింది. అతని చెయ్యి ఆగింది, కళ్లు తెరిచి చూశాడు. మళ్లీ కళ్లు మూసుకుని నిమిరాడు. వేళ్లు దగ్గరకు తెచ్చి లాగాడు.

"చెల్లె" అని మా అన్న గొంతు పిలిచింది.

వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. నేను అతని మోకాళ్ల మీద తలపెట్టి ఏడ్చాను, సిగ్గులేకుండా, పక్కింటికి వినపడేలా. అతను ఆపలేదు. చెల్లె, చెల్లె, నీళ్లు, చెల్లె. వదిన పరుగెత్తి నీళ్లు తెచ్చింది. అతను తాగలేదు. చెయ్యి ఖాళీ లేదు, పని మీద ఉన్నాడు. ఆ రోజు మేం దాన్ని పట్టించుకోలేదు. సంతోషంలో ఎవరు పట్టించుకుంటారు.

తర్వాత రోజు నుంచి మాటలు ధారగా పడ్డాయి. నొప్పి అని వినిపిస్తే వదిన కాళ్లు పట్టేది, అతను కాలు లాక్కునేవాడు. చాయ్ అని వినిపిస్తే చాయ్ పెట్టేది, అది మంచం పక్కన మీగడ కట్టేది. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట, ఒకప్పుడు పిండిన వేళలకే, వరసగా నాలుగు బటన్లూ పిండేవాడు. ముందు ఇది, తర్వాత అది, ఒకటి అయ్యాక రెండోది. బర్రెకు నాలుగు చన్నులు. నేను నాలుగే మాటలు ఎందుకు పెట్టానో నాకే తెలియదు. అతని లెక్క మాత్రం సరిపోయింది.

మాట కోసం చేశాను. అతనికి మాట వినపడనే లేదు. నీళ్లు అన్నా నొప్పి అన్నా అతనికి అది బకెట్లో పడే చప్పుడుతో కలిసిన ఒక చప్పుడు. బటన్ బటన్‌లా ఉంటే దాని వెనక ఇంకోటి ఉందని తోచేదేమో. నేను దాన్ని పొదుగు చేసిపెట్టాను. పొదుగు వెనక ఏముంటుంది, పాలు ఉంటాయి. ఆఫీసులో దీన్ని చూపిస్తే మా మేనేజర్ ముచ్చటపడిపోయాడు. వస్తువుకి ఇంత ప్రాణం ఎలా వచ్చిందో అందరికీ చెప్పమన్నాడు. నేను చెప్పలేదు. లేచి బాత్రూంలోకి వెళ్లి, కుళాయి తిప్పి, కాసేపు అక్కడే ఉన్నాను.

అయినా ఆశ చావలేదు. మేడ మీద మీటింగులో ఉండగా కింద నుంచి చెల్లె అని వినిపించేది. ఎవరో పిలుస్తున్నారు, వెళ్లు అనేవాళ్లు అవతలి వాళ్లు. వెళ్లేదాన్ని. మెట్లు దిగి అతని ముందు నిలబడేదాన్ని. అన్నా, పిలిచినవా, అని అడిగేదాన్ని. అతను నన్ను దాటి చూసేవాడు, వేళ్లు మాత్రం ఆడుతూ ఉండేవి. నా కళ్ల ముందే, నా మొహం చూడకుండా, చెల్లె అని ఇంకోసారి పిలిచేవాడు. అలా ఎన్నిసార్లు దిగానో. కొన్నాళ్లకు దిగడం మానేశాను. అతని గొంతు పిలుస్తుంటే పని చేసుకోవడం అలవాటైంది. మనిషికి ఏదైనా అలవాటవుతుంది, అందుకే మనిషంటే నాకు అసహ్యం వేసిన రోజులవి.

ముందు తట్టుకోలేకపోయింది వదిన. ఒక సాయంత్రం మేడ మీదికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడింది.

"ఆ గొంతు బంద్ చెయ్యి. దినమంతా మీ అన్న పిలిచినట్టే ఉంటది. పోయి చూస్తే ఆయన ఉండడు. నాతోని అయితలేదు."

అతనికి అన్నీ తెలుసని ఆమె అన్న మాట నాకు గుర్తుంది, ఆమెకూ గుర్తుంది. ఇద్దరం దాని జోలికి పోలేదు. కిందికి దిగి ట్యాబ్ తీసుకుని సౌండ్ తీసేశాను. ఏ గొంతు వినడానికి ఇంత చేశానో ఆ గొంతును నా వేలితోనే మూసేశాను. పక్కన ఉన్న చిన్న గీతను కిందికి జరపడమే, అంతకన్నా ఏం లేదు.

అన్న మర్నాడు పొద్దున ఎప్పటిలాగే నిమిరాడు. బటన్ ఉబ్బింది. లాగాడు. చప్పుడు లేదు. ఇంకోసారి నిమిరి లాగాడు. నాలుగూ చూశాడు. తర్వాత అరచేత్తో ట్యాబ్ వెనక మెల్లగా తట్టాడు, ఒట్టిపోయిన బర్రెను తట్టినట్టు. తట్టి ఒళ్లోంచి పక్కకు తోసేశాడు. ఆ పూటతో సరి. భయపడి సౌండ్ మళ్లీ పెట్టాను. ఒళ్లో పెడితే తీసి పక్కన పెట్టేవాడు. ఎడమ చెయ్యి దుప్పటి మీద ఊరికే పడి ఉండేది. అతనికి నేను ఒక పని ఇచ్చానని, అది మాటకంటే పెద్దదని, తీసేసుకున్నాక తెలిసింది. వదిన రెండు రోజులు అన్నం తినలేదు. అడగడం నా తప్పని ఆమె, తియ్యడం నా తప్పని నేను, ఎవరి మూలన వాళ్లం ఉన్నాం.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం వదిన కూరగాయలకు వెళ్లింది. ఇంట్లో అన్న, నేను. అతను దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. ఫ్యాను తిరుగుతోంది, గల్లీలో పాతసామాను వాడు ఉర్దూలో కేకేస్తూ పోతున్నాడు. నేను ట్యాబ్ తీసుకుని అతని ముందు కూర్చున్నాను. అతను చెయ్యి చాపలేదు. సరే, నేనే చేసి చూపిద్దామనుకున్నాను. బొటనవేలు తడి చేసుకుని, పైనుంచి కిందికి నిమిరాను. ఆగాను. చిన్నప్పుడు కొట్టంలో నా వేళ్ల మీద తన వేళ్లుంచి నేర్పిన మనిషి ముందు, అద్దం మీద ఆ పని చేశాను. బటన్ ఉబ్బింది. కిందికి లాగాను.

"చెల్లె" అని వినిపించింది.

అన్న తల తిప్పాడు. అన్నాళ్లలో మొదటిసారి, వినపడిన వైపు కాకుండా, పిలిచే మనిషి ఉండాల్సిన వైపు చూశాడు. వీధి గుమ్మం వైపు. అక్కడ ఎవరూ లేరు. కాసేపు అలాగే చూసి నా వైపు తిరిగాడు. నా మొహంలోకి చూశాడు. రోడ్డు మీద పోయేవాళ్లను చూసినట్టు కాదు, నన్ను చూసినట్టే చూశాడు. ఎడమ చెయ్యి దుప్పటి మీంచి లేచింది. వేళ్లతో గుమ్మం వైపు చూపించి, గడ్డం కొద్దిగా ఎగరేశాడు. చిన్నప్పుడు నేను బద్ధకంగా కూర్చుంటే అలాగే చెప్పేవాడు. పో, నిన్నెవరో పిలుస్తున్నరు, చూడు.

అన్నా, అది నువ్వే, అని చెప్పబోయాను. నోరు రాలేదు. అతను మళ్లీ గడ్డం ఎగరేశాడు, ఈసారి కాస్త విసుగ్గా. నేను లేచి గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాను.